‘దయచేసి వినండి’ : స్టేషను మాటల చరిత్ర

పద్యమునకు కవి పేరుండును. చట్టమునకు దానిని చేసిన సభ పేరుండును. రైలు స్టేషనులో దినమునకు వందలసార్లు వినబడు వాక్యమునకు కర్త ఎవరని మాత్రము ఎవరును అడుగరు. “దయచేసి వినండి” అను రెండు మాటలను వినని రైలు ప్రయాణికుడు తెలుగునాట అరుదు. అయినను ఆ మాటలు గాలిలో పుట్టినవి కావు. ఎవరో ఒకరు కూర్చుండి, ఏది ముందు చెప్పవలెను, ఏది వెనుక చెప్పవలెను, దేనిని వదలవలెను అని ఆలోచించి వానిని కూర్చిరి. ఆ కూర్పునకు భాష యెంత కారణమో, గోడల ప్రతిధ్వనియు, యంత్రముల ఖరీదును, బండి పెట్టె పొడవును అంత కారణములు. ఈ సంగతి కొంచెము వివరముగా చూతము.

లౌడుస్పీకరు రాకముందు స్టేషనులో మాట్లాడునది గంట. మన చిన్న స్టేషనులలో గంట యనగా, చాలచోట్ల, వ్రేలాడదీసిన పట్టాముక్కయే. దానిని ఇనుపకడ్డీతో కొట్టినచో ఊరిబయట నున్నవారికి కూడ వినబడెడిది. బండి వచ్చుచున్నదని గంట చెప్పగలదు. ఏ బండియో, ఎక్కడికి పోవునో చెప్పలేదు. అందుకు మనిషి గొంతు కావలసినదే. ఇంగ్లండులో పోర్టరులు ప్లాట్‌ఫారము వెంట నడచుచు ఊరి పేరు కేకవేసెడివారు. ఒకే పేరును ఏండ్ల తరబడి అరచుటచే ఆ పేరు వారి నోట అరిగిపోయి, క్రొత్తవారికి బోధపడక, పందొమ్మిదవ శతాబ్దపు హాస్యపత్రికలకు మంచి వస్తువైనది. మన బస్సులలోని “హోల్డాన్”, “రైట్ రైట్” అను కేకలు కూడ ఇట్లు అరిగిన మాటలే. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని కండక్టరు కూడ వానిని తెలుగు మాటలవలెనే వాడెడివాడు. బండి ఆగవలెను, బండి కదలవలెను అను రెండు అర్థములకు రెండు ధ్వనులు చాలును. వాని వ్యుత్పత్తితో డ్రైవరుకు పనిలేదు.

1915లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో ప్రిధమ్, జెన్సన్ అను ఇరువురు తాము చేసిన లౌడుస్పీకరును గొప్ప జనసమూహము నెదుట వినిపించిరి. ఒక గొంతును వేలమందికి వినిపింపవచ్చునని దానితో తేలెను. వినిపించుట వేరు, అర్థమగుట వేరు. ఈ భేదమును అంతకు ఇరువది యేండ్ల ముందే హార్వర్డు విశ్వవిద్యాలయములో వాలెస్ సాబిన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు కొలచియుండెను. 1895లో ఆయనకు ఒక పని అప్పగింపబడెను: క్రొత్తగా కట్టిన ఉపన్యాసశాల యొకదానిలో అధ్యాపకుని మాట ఒక్కటియు అర్థము కాకున్నది, కారణము కనుగొనవలెను అని. ఆ గదిలో పుట్టిన శబ్దము అణగిపోవుటకు అయిదు సెకనులకు పైగా పట్టుచున్నదని ఆయన కనుగొనెను. అంతలో అధ్యాపకుడు మరి పండ్రెండు మాటలు పలికి ముగించును. పాత మాటల ప్రతిధ్వని క్రొత్త మాటలను కప్పివేయును. గది ఘనపరిమాణము హెచ్చినకొలది ప్రతిధ్వని కాలము హెచ్చుననియు, శబ్దమును పీల్చు మెత్తలు, తెరలు, మనుష్యులు హెచ్చినకొలది అది తగ్గుననియు సాబిన్ సూత్రము చెప్పును. పెద్ద స్టేషనును ఒకసారి తలచుకొనుడు. ఎత్తయిన రేకుల కప్పు, రాతినేల, ఇనుప స్తంభములు. మెత్తయు లేదు, తెరయు లేదు.

ఇట్టి చోట అచ్చులు నిలుచును, హల్లులు మునుగును. అచ్చు బలమైనది, కొంతసేపు సాగునది, హల్లు క్షణికము. మన భాష అజంత భాషయని, ప్రతిపదమును అచ్చుతో ముగియుననియు మనము గర్వముగా చెప్పుకొందుము. పాటకు వన్నె తెచ్చు ఆ గుణమే ప్లాట్‌ఫారముపై చిక్కు తెచ్చును. పదము చివరి అచ్చు సాగి తరువాతి పదము మొదటి హల్లుపై పడును. అంకెలలో ఈ చిక్కు మరింత కనబడును. ‘మూడు’, ‘ఏడు’ అను మాటలకు భేదము మొదటి అక్షరములోనే యున్నది. ఆ యక్షరము ఇంజను కూతలో పోయినచో మిగులునది ‘డు’ ఒక్కటే. ఇది మన భాష కొక్కదానికే వచ్చిన కష్టము కాదు. ఇంగ్లీషులో ‘ఫైవ్’, ‘నైన్’ అను వానికి పొరపాటు కలుగుచుండుటచే విమానముల రేడియోలో వానిని ‘ఫైఫ్’, ‘నైనర్’ అని పలుకుట నియమముగా చేసిరి. జర్మనులు ‘త్స్వై’ (రెండు) అనునది ‘డ్రై’ (మూడు) వలె వినబడునని, అవసరమైనచోట ‘త్స్వో’ అను పాతరూపమును వాడుదురు. మన రైల్వేలు బండి సంఖ్యను అంకెకు అంకెగా విడదీసి చదువుటలోని లాభమును ఇచ్చట గమనింపవలెను. 2010 డిసెంబరు నుండి మన ప్రయాణికుల బండ్లకు అయిదంకెల సంఖ్యలు వచ్చినవి. గోదావరి ఎక్స్‌ప్రెస్సు విశాఖపట్నము నుండి వచ్చునపుడు దాని సంఖ్య 12727. “పన్నెండు వేల ఏడు వందల ఇరవై ఏడు” అనుటకు పదునైదు అక్షరములు పట్టును. “ఒకటి రెండు ఏడు రెండు ఏడు” అనుటకు పదునొకండు చాలును. పొడవు తగ్గుట ఒక్కటే కాదు, నడుమ నొక అంకె వినబడకపోయినను తక్కినవి తమతమ చోట్లనే యుండును.

ఇక లోకములోని స్టేషను మాటలలో మిక్కిలి పేరుపొందిన దానిని గూర్చి చెప్పవలెను. లండను భూగర్భరైల్వేలోని “మైండ్ ద గ్యాప్” అను మూడు మాటలవి. ‘సందు చూచుకొనుడు’ అని భావము. ఆ సందు ఎట్లు వచ్చినదో ముందు తెలిసికొందము. పాత లండను స్టేషనులు కొన్ని వంకర పట్టాలమీద కట్టబడినవి. ప్లాట్‌ఫారము అంచు వంపుగా నుండును. బండి పెట్టె వంగదు. విల్లునకు నారి యెట్లో, వంపునకు పెట్టె అట్లు. పెట్టె పొడవు 16 మీటర్లు, వంపు వ్యాసార్ధము 100 మీటర్లు అనుకొందము. పొడవు వర్గమును వ్యాసార్ధమునకు ఎనిమిది రెట్లతో భాగించినచో నారికిని వింటికిని నడుమ గల అధికతమ దూరము వచ్చును: 256ను 800చే భాగింపగా 0.32 మీటరు, అనగా సుమారు జానెడున్నర. ప్లాట్‌ఫారము వంపునకు లోపలివైపున ఉన్నచో ఈ సందు పెట్టె రెండు చివరల కనబడును. వెలుపలివైపున ఉన్నచో పెట్టె నడుమ కనబడును. ఇది తాపీమేస్త్రీ దిద్దగల తప్పు కాదు. ప్లాట్‌ఫారమును ముందుకు జరిపినచో మరియొక చోట పెట్టె దానిని ఒరయును. రేఖాగణితము దిద్దలేనిదానిని మాట దిద్దవలసి వచ్చెను.

మొదట డ్రైవరులు, స్టేషను నౌకరులు నోటితోనే హెచ్చరించెడివారు. రద్దీ పెరిగినకొలది అది సాధ్యము కాలేదు. 1968 ప్రాంతమున యంత్రముచే పలికింప నిశ్చయించిరి. టేపు తిరిగి తిరిగి అరుగును గనుక, కదలు భాగములు లేని ఎలక్ట్రానిక్ పరికరమును టెలిఫుంకెన్ కంపెనీ నుండి తెప్పించిరి. ఆ దినములలో ధ్వనిని అట్టి పరికరములో నిలువచేయుటకు అయ్యెడి ఖర్చు చాల ఎక్కువ. సెకనుకు సెకను లెక్క. కావున వాక్యము సాధ్యమైనంత పొట్టిదిగా ఉండవలెను. ప్లాట్‌ఫారము అంచున రంగుతో వ్రాయుటకును పొట్టి వాక్యమే అనుకూలము. ‘అయ్యా’, ‘దయచేసి’, ‘దిగునపుడు’ మొదలగునవి పోయి మూడు మాటలు మిగిలినవి. దీనిలో చమత్కారము ఏమనగా, జ్ఞాపకయంత్రము ఖరీదు వలన వచ్చిన ఆ పొట్టితనమే నేడు ఆ వాక్యమునకు అందముగా ఎంచబడుచున్నది.

మొదట ఒక నటునిచే వాక్యములను చదివించిరి. వాడినప్పుడెల్ల తనకు ప్రతిఫలము చెల్లింపవలెనని అతడు పట్టుబట్టెను. దినమునకు ఎన్నివేలసార్లు పలుకునో లెక్కించి చూచినచో ఆ కోరిక ఎంత భారమో తెలియును! రికార్డింగు చేసిన ఇంజనీరు పీటర్ లాడ్జ్ అనునాయన యంత్రముల మట్టమును సరిచూచుకొనుటకై అవే మాటలను తన గొంతుతో చదివియుండెను. చివరకు ఆ గొంతునే వాడిరి. కళాకారుని గొంతు పోయి పనివాని గొంతు నిలిచెను. కొన్ని స్టేషనులలో తరువాత వేరే గొంతులు వచ్చినవి. ఎంబాంక్‌మెంట్ అను స్టేషనులో ఆస్వాల్డ్ లారెన్స్ అను నటుని గొంతు చాలకాలము వినబడెను. ఆయన 2007లో మరణించెను. ఆయన భార్య ఆ గొంతు వినుటకై ఆ స్టేషనుకు పోయి కూర్చుండెడిది. 2012 చివర క్రొత్త యంత్రములు వచ్చి ఆ గొంతు ఆగిపోగా ఆమె అధికారులను అడిగెను. 2013లో వారు ఆ ఒక్క ప్లాట్‌ఫారముపై పాత గొంతును మరల పెట్టిరి.

ఆ మూడు మాటలు దేశదేశములకు పోయినవి. ఢిల్లీ మెట్రోలో ఇంగ్లీషులో వానికి ముందు ‘ప్లీజ్’ చేరినది. హిందీలో సందు ‘దూరీ’ యయ్యెను, అనగా దూరము. నా అభిప్రాయములో ఇది అంత మంచి మాట కాదు. కాలు పడునది దూరములో కాదు, సందులో. ఫ్రెంచివారు సందును వదలి మెట్టును పట్టుకొనిరి. పారిస్‌లో ‘దిగునపుడు మెట్టు జాగ్రత్త’ అని చెప్పుదురు. సింగపూరులో ఇంగ్లీషు, చీనా, మలయ, తమిళ భాషలు నాలుగింటను ఈ హెచ్చరిక వినబడెను. మలయ భాషలో జాగ్రత్త అనుటకు ‘బెర్‌హాతి–హాతి’ అందురు. దానిని పిల్లలు ‘హ్యాపీ హ్యాపీ’ అని విని నవ్వుకొందురు. తమిళములోని ‘ఇడైవెళి’ చక్కని మాట: నడుమనున్న వెలితి. జపానులోని హెచ్చరిక తీరు వేరు. అది ఆజ్ఞకు ముందు కారణము చెప్పును: ‘అపాయము కనుక, పసుపు గీతకు లోపల నిలువుడు’ అని. ఆ గీత ఒకప్పుడు తెల్లనిది. 1967లో ఒకాయామా నగరములో అంధులకొరకు బొడిపెల పలకలను తొలిసారి నేలపై పరచిరి. అవి క్రమముగా స్టేషనులలో వ్యాపించిన తరువాత పసుపురంగు వచ్చెను. దానితోపాటు ప్రకటనలోని ‘తెల్ల గీత’ అను మాటయు మారెను. నేల మారగా భాష మారుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

మన దేశమునకు వత్తము. “యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దీజియే” అను హిందీ పిలుపు వెనుకనున్న గొంతులలో సరళా చౌధరి గారిది ఒకటి. 1980 దశకములో సెంట్రల్ రైల్వేలో ప్రకటనలు చదువుటకు చేరిన ఆమె రికార్డు చేసిన మాటలు, ఆమె మైకు విడిచిన పిమ్మట కూడ వినబడుచు వచ్చినవి. ఇది ఎట్లు సాధ్యమైనది? వాక్యము మొత్తమును చదివి పెట్టినచో ప్రతి బండికి, ప్రతి ప్లాట్‌ఫారమునకు, ప్రతి ఆలస్యమునకు వేరువేరు వాక్యములు కావలసివచ్చును. అందుచే ఊళ్ల పేర్లు, అంకెలు, ‘నుండి’, ‘వరకు’ వంటి తునకలు వేరుగా చదివి దాచుదురు. కంప్యూటరు వానిని ఏరి దండగా గ్రుచ్చును. అందుకే కొన్ని ప్రకటనలలో ఊరి పేరు ఒక్కసారిగా స్వరము మారి, వేరొక గదిలోనుండి వచ్చినట్లు తోచును.

తెలుగు ఈ పనికి సులభముగా లొంగు భాష కాదు. ‘కు’ విభక్తినే చూడుడు. కాకినాడకు పోవుదుము, తిరుపతికి పోవుదుము, గుంటూరికి పోవుదుము, మచిలీపట్నానికి పోవుదుము. నాలుగు ఊళ్లకు నాలుగు తీరులు. ఒకచోట ‘కు’, ఒకచోట ‘కి’, ఒకచోట ‘రు’ పోయి ‘రి’ వచ్చుట, ఒకచోట పేరు తోకయే మారుట. ముత్యము దారమును బట్టి ఆకారము మార్చుకొనినచో దండ గ్రుచ్చుట ఎట్లు? ‘నుండి’, ‘వరకు’, ‘మీదుగా’ అనునవి అట్లు కావు. మచిలీపట్నం నుండి, గుంటూరు మీదుగా, తిరుపతి వరకు: పేర్లు చెక్కుచెదరవు. స్టేషను తెలుగులో ఈ మూడు మాటలే రాజ్యమేలుటకు హిందీ, ఇంగ్లీషు మూసలు ఒక కారణము కావచ్చును. యంత్రమునకు ఇవి అతుకుట సులభమగుట వానిని నిలిపి యుంచినది. ‘వచ్చును’, ‘బయలుదేరును’ అను రూపములు నిత్యవ్యవహారములో మరుగుపడిన తరువాత కూడ ప్లాట్‌ఫారముపై బ్రదికియున్నవి. పల్లెటూరి బాలుడు గ్రాంథిక క్రియను మొట్టమొదట బడిలో కాక స్టేషనులో వినియుండవచ్చును.

‘దయచేసి’ని గూర్చి ఒక మాట. తెలుగులో మర్యాద క్రియ చివరనే ఉండును. ‘వినండి’ అన్నచో అందులోనే ‘అండి’ కలదు. పాత వాడుకలో ‘దయచేయుట’ యనగా ఇచ్చుట, విచ్చేయుట. ఇంటికి వచ్చినవారిని ‘దయచేయండి’ అందుము. ‘దయచేసి’ని వాక్యము ముందుంచుట ‘కృపయా’, ‘ప్లీజ్’ అనువాని నీడ. అయినను స్టేషనులో దానికి వేరొక ఉపయోగము కలదు. దాని అర్థము ఎవరికిని అక్కరలేదు. అది వినబడగానే జనులు మాటలాపి చెవియొగ్గుదురు. అసలు సంగతి చెప్పుటకు ముందు నాలుగక్షరముల వ్యవధి దొరకును. పాత పట్టాముక్క గంట చేసిన పనినే అది చేయుచున్నది.

క్షమాపణలో మన భాష ఇంగ్లీషును మించినది. బండి ఆలస్యమైనపుడు ఇంగ్లీషు ప్రకటన కలిగిన అసౌకర్యము మిక్కిలి విచారింపబడుచున్నది అను ధోరణిలో సాగును. విచారించువారెవరు? వాక్యములో ఎవరును లేరు. తెలుగులో “చింతిస్తున్నాము” అనగనే ‘ము’ వచ్చి ‘మేము’ను బయటపెట్టును. కర్తను దాచుట మన క్రియకు అంత సులభము కాదు.

ఇంతవరకు చెప్పినది మర్యాద, సౌలభ్యము. మాట తప్పినచో ప్రాణము పోవు సందర్భములు కూడ కలవు. 2003 ఫిబ్రవరి 18న దక్షిణ కొరియాలోని టేగు నగరపు భూగర్భరైల్వేలో ఒకడు బండిలో నిప్పుపెట్టెను. ఎదుటి పట్టాపై వచ్చి ఆగిన రెండవ బండిలోని వారికి లోపలనే యుండుడని, బండి త్వరలో కదలునని చెప్పిరి. మంటలు ఆ బండికి పాకెను. మొత్తము 192 మంది మరణించిరి, వారిలో హెచ్చుమంది రెండవ బండివారు. పదునొకండు సంవత్సరములకు, 2014 ఏప్రిల్ 16న, అదే దేశములో సెవోల్ అను ఓడ ఒరిగినపుడు ‘ఉన్నచోటనే కదలక యుండుడు’ అని లౌడుస్పీకరు మరల మరల చెప్పెను. విని కూర్చున్నవారిలో విహారయాత్రకు బయలుదేరిన విద్యార్థులు ఎక్కువ. 304 మంది పోయిరి. రెండుచోట్లను ప్రకటన స్పష్టముగానే వినబడెను. వాక్యములో దోషము లేదు. మర్యాదకు లోపము లేదు. మామూలు దినములలో తొందరపడువారిని ఆపుటకు పనికివచ్చు మాటను అపాయములో చెప్పుటయే దోషము. యంత్రము గొంతునకు అధికారము ఎక్కువ. ప్రక్కనున్న మనిషి చెప్పినచో సందేహించువాడు కూడ పైనుండి వచ్చు గొంతునకు లోబడును.

మన దేశములో 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషనులో మహాకుంభమేళాకు పోవు జనులలో తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయిరి. ప్రయాగ్‌రాజ్ ఎక్స్‌ప్రెస్సు కొరకు 14వ ప్లాట్‌ఫారముపై జనులు కాచుకొని యుండగా, ప్రయాగ్‌రాజ్ స్పెషలు 16వ ప్లాట్‌ఫారమునకు వచ్చునను ప్రకటన వినబడి, తమ బండియే మారినదని వారు భ్రమపడిరని ఢిల్లీ పోలీసులు అప్పుడు చెప్పిరి. ఒకరి తలపైనుండి మూట జారిపడుటచే తొక్కిసలాట మొదలైనదని రైల్వేమంత్రి తరువాత పార్లమెంటుకు తెలిపిరి. రెండును ఒకే రాత్రి జరిగియుండవచ్చును. దానిని తేల్చుట మన పని కాదు. పేర్ల సంగతి మాత్రము చరిత్రకు సంబంధించినది. 1984లో ఆ ఎక్స్‌ప్రెస్సుకు పేరు పెట్టునాటికి ఊరి పేరు అలహాబాదు. బండి పేరు వేరు, ఊరి పేరు వేరు గనుక చిక్కు లేదు. 2018లో ఊరు ప్రయాగ్‌రాజ్ అయ్యెను. 2020లో స్టేషను పేరును మారెను. అటుపిమ్మట ఆ ఊరికి పోవు ప్రతి ప్రత్యేక రైలును పాత ఎక్స్‌ప్రెస్సు పేరునే మోయవలసివచ్చెను. రెండింటికి భేదము చివర నొక్క మాట: ఒకటి ఎక్స్‌ప్రెస్సు, ఒకటి స్పెషలు. రద్దీలో పేరు మొదలు వినగానే మనుష్యులు కదలుదురు. చివరిమాట వరకు ఆగరు. రెండు బండ్లకును వేరువేరు అయిదంకెల సంఖ్యలున్నవి, అవి ప్రకటనలో పేరుకంటె ముందే వచ్చును. కాని మూటలెత్తుకొని పిల్లలను పట్టుకొని నిలుచున్న యాత్రికునకు గుర్తుండునది అంకె కాదు, పోవలసిన ఊరు.